ఓబులేసు జడ, రంకులరాట్నం

లింగమ్మకు భయం పుట్టించని వస్తువు ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. రోకలి చూస్తే పిల్లల కాళ్లమీద పడుతుందని భయం. కుంపటి చూస్తే గాలికి నిప్పురవ్వ లేస్తుందని భయం. చింతగింజలు ముక్కులో దూర్చుకుంటారని, వేరుశెనగ బుడ్డలు గొంతులో ఇరుక్కుంటాయని, మిద్దెమీద తిరిగే కోతి ఏదో ఒక బిడ్డను ఎత్తుకుపోతుందని భయం. పిల్లలు నవ్వుతా ఉంటే పొలమారుతుందేమో అనుకునేది. నవ్వకుండా కూర్చుంటే జ్వరమేమోనని నొసలు తాకి చూసేది.

"నీ భయాలన్నీ ఒకచోట పోసి నొక్కితే మా మిల్లులో ఒక పత్తిబేలు కట్టొచ్చు" అనేవాడు ఆమె మొగుడు నారాయణ. ఆయన నంద్యాలలో పత్తిమిల్లు గుమాస్తా.

"బేలు కడితే దానికి నిప్పంటుకుంటుంది" అనేది లింగమ్మ.

అయితే ఆ వారం ఆమె భయాలన్నీ రోకలినీ కుంపటినీ వదిలేసి ఒక్కచోటికే చేరినాయి. కొడుకు ఓబులేసు జడ మీదికి.

ఓబులేసు మగపిల్లోడే. ఐదేండ్లవాడు. కాని వాడి జడ నడుము దాటింది. వాడు పొత్తిళ్లలో ఉన్నప్పుడు జ్వరమొచ్చి కండ్లు తేలేస్తే, ఆళ్లగడ్డలో ఉండే లింగమ్మ అత్త జయలక్ష్మమ్మ వాకిట్లోకి వచ్చి, అహోబిలం కొండ దిక్కుకు తిరిగి కొంగు పట్టి మొక్కుకుంది. "నరసింహస్వామీ, బిడ్డను నిలబెట్టు. వానికి నీ పేరే పెడతాం. ఐదోయేట వాని పుట్టెంట్రుకలు నీ కొండమీదనే ఇస్తాం. అందాక కత్తెర తగలనీం" అంది. తెల్లారేసరికి జ్వరం దిగింది. అహోబిలేశుడి పేరే ఓబులేసు అని పెట్టారు. కత్తెర తగలనీయలేదు. జుట్టు కూడా ఆ మాట విన్నట్టే పెరిగింది. నల్లగా, ఒత్తుగా, పిడికిట పట్టనంత. వీధిలో ఆడపిల్లల తల్లులు చూసి నిట్టూర్చేవాళ్లు. ఊరికి కొత్తవాళ్లు "పాపా, నీ పేరేందమ్మా?" అంటే వాడు కాలు నేలకేసి కొట్టి "పాప కాదు, ఓబులేసు!" అని అరిచేవాడు.

ఇప్పుడు ఆ ఐదోయేడు రానే వచ్చింది. రేపు పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డకు పోవాలి. అక్కణ్ణించి అత్తతో కలిసి బండిలో అహోబిలం. అత్త ముందే మనిషితో కబురు పెట్టింది. "జడ జాగర్త. ఇన్నేండ్లు కాపాడి చివర్లో చెడగొట్టొద్దు. స్వామి ఉగ్రం గలవాడు."

ఆ చివరి మాట విన్నప్పటినుంచి లింగమ్మకు అన్నం సయించలేదు. దీపం దగ్గరికి పోతే జడ అంటుకుంటుంది. కిటికీ పక్కన పడుకుంటే దొంగ కోసుకుపోతాడు. ఎలుకలు కొరుకుతాయని పాత దిండుగలీబుతో ఒక సంచి కుట్టి, పడుకోబెట్టే ముందు జడను అందులో పెట్టి మూతి కట్టేది.

"ఎలుకలు అంత జడ తిని ఏం చేసుకుంటాయే?" అన్నాడు నారాయణ.

"గూడు పెట్టుకుంటాయి."

సాయంత్రం మూటలు కడుతుంటే పక్కింటి పీరాంబీ లోపలికొచ్చింది. దర్జీ హుస్సేన్ వలి భార్య. నవ్వుతూ వచ్చి నవ్వుతూ పోయే మనిషి. ఆమె వెనక కూతురు సర్దార్‌బీ, సర్దార్‌బీ చెయ్యి పట్టుకుని ఓబులేసు, ఓబులేసు జడ పట్టుకుని వాడి చెల్లెలు మూడేండ్ల కమలాక్షి.

"జడ వదులే!" అని లింగమ్మ ఒక్క కేక పెట్టింది. కమలాక్షి వదిలి ఏడుపు మొదలుపెట్టింది.

"లింగక్కా, పిల్లోళ్లను పార్కుకు పంపియ్యి" అంది పీరాంబీ. "ఊరంతా పోతాంది. నువ్వొక్కదానివే పోలేదు."

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటేడు అది. పోతే పోయిందిలే, మనకు పార్కొచ్చింది అని నంద్యాలలో జనం ఎగతాళిగా అనుకునేవాళ్లు. రైల్లో దిగిన ఇనుప సామానంతా బిగించి, మునిసిపాలిటీవాళ్లు రెండు వీధుల అవతల పిల్లల పార్కు తెరిచారు. ఉయ్యాలలు, జారుడుబల్ల, ఎక్కుడుదిగుడు బల్ల, అన్నిటికీ మించి రంకులరాట్నం. జాతరలో వచ్చే కొయ్యగుర్రాలది కాదు. నడుమ కదలని ఇనుపస్తంభం, దాని చుట్టూ గుండ్రంగా తిరిగే పలకల చట్రం. తోస్తే గిర్రున తిరుగుతుంది.

"రేపు ఊరికి పోవాల. ఇప్పుడు పార్కేంది? కాలో చెయ్యో విరిగితే?" అంది లింగమ్మ.

"మా, ఈ పొద్దే పోవాల" అన్నాడు ఓబులేసు. వాడి గొంతులో ఏడుపు లేదు. పెద్దమనిషి వ్యవహారం మాట్లాడుతున్నట్టు ఉంది. "రాట్నం తిరిగితే జడ ఎనక్కి ఎగురుతాదంట. సర్దార్‌బీది ఎగిరింది. ఎల్లుండి గుండు కొట్టిస్తే నాకు ఏం ఎగురుతాది?"

పీరాంబీ నడుం మీద చేతులు పెట్టుకుని "చెప్పుమరి. న్యాయమే అడుగుతాండాడు గదా" అంది.

అట్ల బయలుదేరింది లింగమ్మ. బయలుదేరేముందు ఓబులేసు జడను చొక్కా లోపలికి దోపి, మెడదాకా గుండీలు పెట్టి, వీపు మీద తట్టి చూసింది. ఇద్దరికీ అరికాలిలో కాటుకచుక్క పెట్టింది. కొంగున ఇంత పసుపు ముడేసుకుంది, దెబ్బ తగిలితే అద్దడానికి.

పార్కులో అడుగుపెట్టగానే ఆమెకు కనిపించింది పిల్లలు కాదు, పిల్లలకు జరగబోయేవి. ఉయ్యాల గొలుసు తెగుతుంది. ఎక్కుడుదిగుడు బల్ల అవతలివాడు దిగితే ఇవతలివాడు మిద్దెమీద పడతాడు. జారుడుబల్లకు రేకు లేచి ఉంటుంది, లేవకపోతే ఎండకు కాలి ఉంటుంది. ఆమె వెళ్లి రేకును అరచేత్తో కిందినుంచి పైదాకా తడిమింది. వెనక పిల్లలు వరస కట్టి నిలబడ్డారు.

"ఎవరమ్మా అది, జారుతావా తుడుస్తావా?" అని కేకేశాడు వాచ్‌మన్ గురుస్వామి. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, చేతిలో కట్టె.

"చూస్తాండా అన్నా. రేకు లేచిందేమోనని."

"లేస్తే నేను చూడనా? జరుగమ్మా, పిల్లోళ్లు కాసుకోని ఉండారు."

లింగమ్మ జరిగింది. ఆ సందులో కమలాక్షి ఎప్పుడెక్కిందో పైకెక్కి, అమ్మను చూసి ఒకసారి చెయ్యి ఊపి, జర్రున కిందికి వచ్చి ఇసుకలో చతికిలబడి, "ఇంగోసారి!" అంది. లింగమ్మకు మాత్రం గుండె ఇంకా జారుడుబల్ల పైనే ఉంది.

ఇక రాట్నం దగ్గరికి వచ్చేసరికి ఆమె గట్టిగా ఆలోచించింది. అంచున కూర్చుంటే విసురుకు ఎగిరి పడతారు. పడితే పలక కింద కాలు పోతుంది. కాబట్టి అంచు పనికిరాదు. అందరికంటే భద్రమైన చోటు నడుమ. స్తంభం పక్కన.

"నడిమిలో కూచో నాయనా. స్తంభానికి దగ్గరగా. నా పక్కకే చూస్తా ఉండు" అని వాణ్ని తానే ఎత్తి కూర్చోబెట్టింది. మిగతా పిల్లలంతా అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే, ఓబులేసు ఒక్కడు స్తంభానికి వీపు పెట్టి, ముందున్న కమ్మీ పట్టుకుని, బుద్ధిగా అమ్మవైపు చూస్తూ కూర్చున్నాడు.

సర్దార్‌బీ, ఇంకో నలుగురు పిల్లలు తోశారు. రాట్నం మూలిగి కదిలింది. మొదటి చుట్టులో ఓబులేసు అమ్మను చూసి నవ్వాడు. రెండో చుట్టులో చెయ్యి వెనక్కి పోనిచ్చి చొక్కా లోంచి జడ పీకి బయటేశాడు. ఎగరేయడానికి వచ్చినవాడు ఎగరేయకుండా ఎట్ల ఉంటాడు?

జడ ఎగిరింది. అంతలోనే స్తంభానికి పొడుచుకొచ్చిన బోల్టు దాని కొసను, రిబ్బను ముడితో సహా పట్టుకుంది. స్తంభం తిరగదు, పిల్లోడు తిరుగుతాడు. జడ కందెన పూసిన స్తంభానికి చుట్ట చుట్టుకుపోతూ వాణ్ని వెనక్కి లాగింది. తల వెనక్కి, ఇంకా వెనక్కి, ముఖం ఆకాశానికి. వాడికి ఒక క్షణం అదీ ఆటలో భాగమే అనిపించినట్టుంది, నవ్వుతూనే ఉన్నాడు. తరవాత "మా!" అన్నాడు.

లింగమ్మ వేసిన కేకకు ఉయ్యాలలు కూడా ఆగినాయి.

పీరాంబీ కమ్మీ పట్టి రాట్నాన్ని ఆపింది. ఓబులేసు తల వెనక భాగం స్తంభానికి అంటుకుని ఉంది. జడ మొత్తం స్తంభానికి చుట్టుకుని, కొస ఎక్కడో లోపల, చుట్ల కింద, బోల్టు దగ్గర చిక్కుకుంది. పీరాంబీ వేళ్లు దూర్చి చూసింది. దూరలేదు. ముట్టుకుంటే వాడు ఏడుస్తున్నాడు.

"జరగండి, జరగండి" అంటూ గురుస్వామి వచ్చాడు. చూశాడు. వెనక్కి పరుగెత్తాడు. మళ్లీ వచ్చేటప్పుడు చేతిలో క్రోటను చెట్లు కత్తిరించే కత్తెర ఉంది. మూరెడు పొడుగు.

"ఆడపిల్ల జుట్టే గదమ్మా, మల్లా పెరుగుతాది" అని కత్తెర తెరిచాడు.

లింగమ్మ ఒక్క దూకు దూకి కొడుకు తలకు అడ్డం పడింది. జీవితంలో ఎప్పుడూ ఉయ్యాల కూడా ఎక్కని మనిషి, రాట్నం మీద మోకాళ్లేసి, రెండు చేతులూ జడమీద మూసి, "కత్తెర తగలనీను! నా చేతులు కోసుకుపో!" అంది.

"యాందమ్మా ఆడపిల్లకు ఇంత..."

"ఆడపిల్ల కాదన్నా, మగపిల్లోడు!"

గురుస్వామి కత్తెర అట్లనే పట్టుకుని ఓబులేసును ముందూ వెనకా చూశాడు. "మగపిల్లోనికి జడేందమ్మా?"

"మొక్కు! అహోబిలం మొక్కు! పుట్టెంట్రుకలు! ఎల్లుండే ఇయ్యాల!"

గురుస్వామి కత్తెర కింద పారేసి రెండు లెంపలూ వేసుకున్నాడు. కత్తెర పారేసిన చోట తన కాలే ఉండటంతో ఇంకోసారి వేసుకుని గెంతాడు. "ముందే చెప్పకూడదా తల్లీ! నాదీ ఆ దేవుని మొక్కుతోనే పుట్టిన పుట్టుక!"

ఇప్పుడు పార్కంతా అక్కడే ఉంది. తలా ఒక మాట. నూనె పొయ్యమన్నారు. స్తంభం పీకమన్నారు. మునిసిపాలిటీకి కబురు పెట్టమన్నారు. మునిసిపాలిటీ వచ్చేదాకా పిల్లోడు ఇక్కడే ఉంటే వాడికి అన్నం ఎట్ల పెట్టేదని ఒక ముసలామె అడిగింది. లింగమ్మకు ఆ మాటతో కండ్ల ముందు అంతా కనిపించింది. తాను రాట్నం పక్కన పొయ్యి పెట్టుకుని వండటం, వాన రావటం, బస్సు వెళ్లిపోవటం, ఆళ్లగడ్డలో అత్త వాకిట్లో నిలబడి ఎదురుచూడటం, కొండమీద స్వామి అంతకంటే కోపంగా ఎదురుచూడటం.

ఓబులేసు ఏడుపు ఆపి, ముఖం పైకే పెట్టుకుని, "మా, మెడ నొప్పి" అన్నాడు.

ఆ తీరు చూస్తే ఆమెకు దూడ గుర్తొచ్చింది. చాగలమర్రి దగ్గర ఆమె పుట్టింట్లో, గుంజకు కట్టిన ఎనుపదూడ గడ్డి కోసం ఒకే పక్కకు తిరిగి తిరిగి, తాడంతా గుంజకు చుట్టేసుకుని, మూతి గుంజకు ఆనించి ఇట్లనే ఆకాశం చూస్తూ అరిచేది. తాడు కోసేవాళ్లా? లేదు. దూడ మెడ పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి తిప్పేవాళ్లు. చిన్నప్పుడు అది ఆమె పనే.

"పిల్లోళ్లంతా దిగండి!" అంది లింగమ్మ. ఆ గొంతు ఆమెదేనని పీరాంబీ నమ్మలేదు. "దీన్ని ఎనక్కి తిప్పండి. నెమ్మదిగా. నేను చెప్తే ఆపాల."

"ఎనక్కి తిరుగుతాదో లేదోనమ్మా" అన్నాడు గురుస్వామి. "ఎవరూ తిప్పలేదు ఇంతవరకు."

"గుండ్రంగా ఉండేదానికి ముందేంది, ఎనకేందప్పా?" అంది పీరాంబీ.

నిజమే. ఏది ముందు, ఏది వెనక? సర్దార్‌బీ మసీదు వైపు తోశామంది. పక్కనున్న పిల్లోడేమో, కాదు, గేటు వైపన్నాడు. తప్పు పక్కకు తిప్పితే ఇంకా బిగుస్తుంది. లింగమ్మ ఎవరి మాటా వినలేదు. ముక్కు ఆనించి జడ చుట్టుకున్న తీరు చూసింది. పొద్దున తన చేత్తో అల్లిన జడ, ఆమెకు తెలియదా?

"గేటు పక్కకు తిప్పండి" అంది.

చీర కుచ్చిళ్లు దోపుకుని స్తంభం పక్కన చతికిలబడి, ఒక చేత్తో కొడుకు మెడకు ఆసరా పట్టి, ఇంకో చెయ్యి జడమీద వేసింది. కండ్లు మూసుకుంది. మూసుకుంటే ఇంకా భయమేసి తెరిచింది. గురుస్వామి, పీరాంబీ, సర్దార్‌బీ కలిసి తోశారు. రాట్నం మూలిగింది, కదిలింది. జడ వేలెడు వదులైంది. "తిప్పండి!" జానెడు వదులైంది. "ఇంగా!" ఓబులేసు తల ముందుకొచ్చింది, మెడ తిప్పి అమ్మను చూశాడు. చుట్టు వెనక చుట్టు విప్పుకుంటూ చివరికి బోల్టు బయటపడింది. లింగమ్మ రిబ్బను ముడి విప్పింది, కొస లాగింది, జడ మొత్తం చేతికొచ్చింది. నల్లటి కందెనతో, చింపిరిగా, కాని మొత్తం.

"వచ్చింది!" అని ఎత్తి చూపించింది.

ఇక ఆ సంతోషాన్ని ఎవరు ఆపగలరు? పార్కులో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా రాట్నం మీదికి దూకారు. దూకనివాళ్లు తోశారు. కట్టె కింద పెట్టి గురుస్వామి కూడా తోశాడు. రాట్నం జన్మలో తిరగనంత వేగంగా తిరిగింది, అదీ వెనక్కి.

"ఆపండి! నరసింహా! ఆపండి! పీరక్కా! చౌడమ్మతల్లీ! ఆపరేందప్పా!" అని లింగమ్మ తెలిసిన దేవుళ్లనీ తెలియని మనుషులనీ అందరినీ పిలిచింది. గేటు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. మసీదు మినారు పరుగెత్తింది. పీరాంబీ నోరు తెరుచుకుని నవ్వుతూ ఒక్కో చుట్టుకూ ఒక్కోసారి కనిపించింది. ఓబులేసు జడ విప్పారి ఎగిరి ఆమె ముఖానికి తగిలింది, కందెన ముక్కుకు అంటింది. ఆమె కేక ఎక్కడో మధ్యలో విరిగి నవ్వైపోయింది. అది ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. కడుపు పట్టుకుని, కండ్లలో నీళ్లు కారుతూ, పెండ్లి కాని పిల్లలాగా నవ్వింది. ఒక చుట్టంతా భయపడటం మరిచిపోయింది. మరిచిపోయానని గుర్తొచ్చి భయపడింది. మళ్లీ నవ్వింది.

రాట్నం ఆగింది. లింగమ్మ దిగి ఇంటికని బయలుదేరితే కాళ్లు ఆమెను క్రోటను చెట్లలోకి తీసుకుపోయినాయి. గురుస్వామి చెయ్యి పట్టి దారిలో పెట్టాడు. పీరాంబీ నేలమీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంటోంది.

"ఇంగోసారి!" అంది కమలాక్షి.

"వద్దు వద్దు, చాలు" అని, వెనక్కి తిరిగి రాట్నం చూసి, "బోల్టు దగ్గర నాలుగెంట్రుకలు ఉండిపోయినట్టుండాయి. తీసుకోవాల గదా" అంటూ లింగమ్మ మళ్లీ ఎక్కింది. వెంట్రుకలు తీసి కొంగున ముడేసుకున్నాక కూడా వెంటనే దిగలేదు.

మరుసటిరోజు ఆళ్లగడ్డలో బస్సు దిగేసరికి ఆ నవ్వంతా ఆవిరైపోయింది. కుంకుడుకాయలతో తెల్లారగట్ల నుంచీ ఉతికినా జడకు కందెన వాసన పోలేదు. వాకిట్లో జయలక్ష్మమ్మ నిలబడి ఉంది. పొడుగాటి మనిషి, నొసట అర్ధరూపాయంత బొట్టు, నవ్వగా ఎవరూ చూడని ముఖం. మనవణ్ని దగ్గరికి తీసుకుంది. జడ చేతిలోకి తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏందీ ఇది, ఎద్దులబండి ఇరుసు వాసన?"

లింగమ్మ నోరు తెరిచేలోగానే కమలాక్షి చెప్పేసింది. "జేజీ, అన్న జడ రాట్నం తినింది. అమ్మ ఎక్కి ఎనక్కి తిరిగింది. అరిసింది. నగింది."

జయలక్ష్మమ్మ కోడలి వైపు చూసింది. లింగమ్మ నేల చూసింది. "కత్తెర తగల్లేదత్తా. స్వామి మీద ఆన. తెగినవి నాలుగే. అవి కూడా తెచ్చినా" అని కొంగుముడి విప్పి అరచేతిలో పెట్టింది.

"ఎంట్రుకలు తెగకుండా ఉంటాయా? నువ్వు రోజూ దువ్వుతావు గదా. దువ్వెనకొచ్చినవన్నీ స్వామికి తెచ్చినావా మరి?"

లింగమ్మ ముఖం ఎర్రబడింది. మూట విప్పి, అడుగు నుంచి ఒక గుడ్డసంచి తీసి అత్త ముందు పెట్టింది. చిన్న దిండంత ఉంది. "తెచ్చినా అత్తా. మొదటినుంచీ ఎత్తిపెట్టినా. ఒకవేళ అడుగుతాడేమోనని."

జయలక్ష్మమ్మ ఆ సంచిని చూసింది. ఎత్తి బరువు చూసింది. మెత్తగా ఉందేమో నొక్కి చూసింది. ఆమె భుజాలు మొదట కదిలినాయి, తరవాత మెడలో తాళిబొట్టు కదిలింది, ఆ తరవాత నవ్వు బయటికొచ్చింది. లోపల ఇన్నేండ్లు ఎక్కడ పెట్టుకుందో గాని, పక్కింటివాళ్లు గోడ మీదినుంచి తొంగిచూసేంత నవ్వు.

"పిచ్చిదానా! స్వామి పుట్టెంట్రుకలు అడిగినాడు గాని పరుపు అడిగినాడా?" అని కండ్లు తుడుచుకుంది. "వాసన ఉంటే ఉండనీ. కొండమీద కోనేట్లో ముంచి తీస్తాం. కత్తెర తగల్లేదు, అది చాలు నాకు."

లింగమ్మకు ఊపిరి కిందికి దిగింది. అత్త సంచిని పక్కన పెట్టి, గొంతు తగ్గించింది.

"ఎట్లుంటాది?"

"ఏందత్తా?"

"అదే, ఆ రాట్నం. ఎనక్కి తిరిగితే."

"ఎట్లుంటాదంటే..." అని లింగమ్మ మొదలుపెట్టింది. అంతలోనే నవ్వొచ్చింది. "ఊరంతా మన చుట్టూ తిరుగుతాదత్తా. కడుపు యాడనో ఎనక ఉండిపోతాది. ఒప్పులకుప్ప తిరిగినట్టు, దానికంటే..."

"ఒప్పులకుప్పా?" జయలక్ష్మమ్మ వీధి తలుపు వైపు ఒకసారి చూసింది. లేచి కొంగు నడుముకు దోపింది. రెండు చేతులూ అడ్డంగా ముందుకు చాచింది. "రా. పట్టు."

"అత్తా! మీరా? పడిపోతాం. బావి ఉంది, రోలుంది, తల పగులుతాది..."

"నడిమిలో నిలబడితే ఏం తగలదు. రామ్మే!"

పాదాలు ఒకచోట ఆనించి, చేతులు బిగించి, వెనక్కి వాలి తిరిగారు. ముందు మెల్లగా, తరవాత గిర్రున. అత్త కుంకుమబొట్టు ఎర్రటి గీతైపోయింది. ఓబులేసు, కమలాక్షి చుట్టూ గెంతుతూ చప్పట్లు కొట్టారు. "బేగా తిరుగు, బేగా!" అని అరుస్తున్నది పిల్లలు కాదు, జయలక్ష్మమ్మ.

అహోబిలం పోవడానికి బండి కట్టి, జీతగాడు శేషయ్య లోపలికొచ్చేసరికి అత్తాకోడండ్లిద్దరూ చెరో గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మా, బండి సిద్ధం. పొద్దుపోకముందే అడివి దాటాల" అన్నాడు.

ఇద్దరూ ఒక్కసారే బండి దిక్కుకని బయలుదేరారు. ఒకరు వంటింటి వైపు, ఒకరు గొడ్లపాక వైపు.